మూడు దోసెళ్ళ పెరటి మట్టి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఒక కోట. ఆ కోటకు ముందొక సభా మంటపం, వెనకొక పెరడు. రాజు పేరు భద్రసేనుడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక పెరట్లో అడుగు పెట్టి ఎరగడు. రాజులు పెరట్లోకి వెళ్ళరు. కూర అటునుంచే వస్తుంది, కషాయం అటునుంచే వస్తుంది, పూజకు పూలు, తలనొప్పికి పట్టు, అన్నీ అటునుంచే వస్తాయి. ఎక్కణ్ణించి వస్తున్నాయని అడగకుండా పుచ్చుకోవడాన్నే ఆ రోజుల్లో రాజసం అనేవారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది పిల్లలూ. ఆడపిల్ల పుడితే, తల్లి పురిటి స్నానం కాగానే బిడ్డను చంకనేసుకుని పెరట్లోకి వెళ్ళేది. బిడ్డ ఎలా ఏడుస్తుందో విని, వేలు ఎలా పట్టుకుంటుందో చూసి, ఆ బిడ్డకు తగిన మొక్క ఏదో ఎంచి నాటేది. మొక్క పేరే పిల్ల పేరు. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కకు, అన్నం పిల్లకు. పిల్ల అత్తవారింటికి వెళ్ళే నాడు ఆ మొక్కను వేరుమట్టితో సహా తీసి వెంట పంపేవారు. మొక్క ఎక్కడుంటే పిల్ల ప్రాణం అక్కడ. ఈ సంగతి ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళ దగ్గర ఎవరూ దాచలేదు. వాళ్ళు అడగలేదు, అంతే.

రాణి పేరు గోరింట. ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న గోరింట బావి పక్కన గుబురుగా పెరిగింది. ఆమెకు ముగ్గురు కూతుళ్ళు. మొదటిది పుట్టగానే ఏడవకుండా తల్లి వేలికి చుట్టుకుపోయింది. దానికి సన్నజాజి నాటింది. రెండోది ముట్టుకుంటే చాలు కెవ్వుమనేది. పరాయి చేతిలోకి పోనే పోదు. దానికి మరువం నాటింది. మూడోది పుట్టేసరికి రాజమాతకు ఒళ్ళు మండింది. మూడో ఆడపిల్లకు కూడా పెరట్లో చోటు కావాలా, రేపు పుట్టబోయే మగపిల్లాడు ఎక్కడ ఆడుకుంటాడు అంది. పురిటి నీళ్ళలో వేసి కాచిన వావిలాకు ఇంకా వేడిగా ఉంది. రాణి ఆ వావిలి కొమ్మనే ఒకటి తీసుకెళ్ళి, పెరడు దాటి, కంచెలో గుచ్చి వచ్చింది. వావిలిని మేకలు కూడా తినవు. కంచెలో బతకగలిగిన మొక్క అదొక్కటే అని రాణికి తెలుసు. అలా మూడో పిల్ల పేరు వావిలి అయింది. పుట్టబోయే మగపిల్లాడు ఎన్నాళ్ళకూ పుట్టలేదు.

కొన్నాళ్ళకు రాజుగారికి ఒక కోరిక పుట్టింది. పొరుగు రాజులు వచ్చినప్పుడు చూసి నోరు వెళ్ళబెట్టేలా, కోట ముందు ఆరు రుతువుల్లోనూ పూసే ఉద్యానవనం కావాలనుకున్నాడు. తోటమాలులు ఏ రుతువుకు ఆ పూలే పూస్తాయని చెబితే వాళ్ళను కొరడాతో కొట్టించాడు. అప్పుడొచ్చాడు కరాళుడనే మాంత్రికుడు. ఏడు రోజుల్లో తోట వేసేశాడు. అన్ని పూలూ ఒకేసారి పూశాయి. ఒక్క పువ్వుకూ వాసన లేదు, ఒక్క తేనెటీగ కూడా అటు రాలేదు. రాజుగారు అది గమనించలేదు. సంతోషం పట్టలేక, ఏం కావాలో కోరుకోమన్నాడు. కరాళుడు ఎంతో వినయంగా, తమ పెరట్లో మూడు మొక్కలు ఇప్పిస్తే చాలు మహారాజా అన్నాడు. సభంతా నవ్వింది. రాజుగారు అందరికంటే ఎక్కువ నవ్వి, మాట ఇచ్చేశాడు.

ఈ మాట పెరట్లోకి చేరేసరికి రాణి గోరింటాకు రుబ్బుతోంది. రుబ్బుతున్న చేతుల్తోనే పరిగెత్తింది. సభా మంటపం తెర దాటి ఆడవాళ్ళు రాకూడదు. తెర ఇవతలే నిలబడి, మంత్రిని పిలిచి చెప్పింది.

"అవి మొక్కలు కావని రాజుగారికి చెప్పండి."

మంత్రి వెళ్ళాడు, వచ్చాడు. మూడు మొక్కల కోసం రాజు మాట తప్పాడని లోకం అనుకోవాలా అని రాజుగారు అడిగారని చెప్పాడు. ఆ అడగడం కూడా జవాబు కోసం అడిగింది కాదు. రాణి తెరను పట్టుకుంది. తెర మీద ఎర్రగా అయిదు వేళ్ళూ పడ్డాయి. ఆ సరికే కరాళుడు పెరట్లో ఉన్నాడు. సన్నజాజిని పెరికాడు. పెద్ద కూతురు పూలు కడుతున్న చోటే మాయమైంది. మరువాన్ని పెరికాడు. రెండో కూతురు అరిచిన అరుపు సగంలో ఆగిపోయింది. గోరింటను వేళ్ళతో సహా పెరికాడు. తెర మీద వేళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి.

కంచెలో ఉన్నదాన్ని కరాళుడు మొక్క అనే అనుకోలేదు. అందుకే వావిలి మిగిలింది.

అప్పుడు రాజుగారు మొదటిసారి పెరట్లోకి వచ్చాడు. మూడు గోతులు చూశాడు. నాకెవరూ చెప్పలేదే అని ఏడ్చాడు. వావిలికి అప్పటికి పద్నాలుగేళ్ళు. మూడు గోతుల దగ్గరా ఇంకా తల్లి కలిపిన మట్టి ఉంది. ఎన్నో ఏళ్ళుగా బూడిద, పేడ, ఎండుటాకులు కలిపి, చేత్తో నలిపి నలిపి నల్లగా చేసిన మట్టి. వావిలి ఒక్కో గోతిలోంచి ఒక్కో దోసెడు తీసి ముంతలో పోసుకుంది. ముగ్గురికి చాలుతుంది అనుకుంది.

నాలుగేళ్ళు గడిచాయి. రాణినీ, కూతుళ్ళనూ తెచ్చినవాడికి అర్ధరాజ్యమూ, వావిలిని ఇచ్చి పెళ్ళీ అని రాజుగారు చాటింపు వేయిస్తూనే ఉన్నాడు. వావిలిని ఎవరూ అడగలేదని నేను చెప్పక్కర్లేదు కదా. మొదట ఒక రాకుమారుడు ఏనుగులతో బయల్దేరాడు. తిరిగి రాలేదు. తరువాత ఒకడు రథాలతో బయల్దేరాడు. తిరిగి రాలేదు. మూడోవాడు మణిధరుడు నడిచి వచ్చాడు. వాడికి పెద్ద తెలివేమీ లేదు. కానీ కంచె దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్న వావిలి ముందు నిలబడి, మిగతా ఇద్దరికీ తోచని మాట ఒకటి అడిగాడు.

"అక్కడ మీ అమ్మగారిని నేనెలా గుర్తుపట్టాలి?"

"నువ్వు గుర్తుపట్టలేవు," అంది వావిలి. "నేనూ వస్తాను, పద."

కరాళుడి కోట ఏడు సముద్రాల అవతల. వావిలి ముంతను నడుముకు కట్టుకుంది. ఇద్దరూ నడిచి నడిచి మొదటి సముద్రం ఒడ్డుకు చేరారు. అక్కడొక గండభేరుండ పక్షి పిల్ల, రెక్క తెగి ఏడుస్తోంది. మణిధరుడు కత్తి దూసి, దీన్ని కొట్టిన శత్రువెక్కడ అని చుట్టూ చూశాడు. వావిలి గట్టు మీది గాయపాకు కోసి, అరచేతిలో నలిపి, పసరు పిండి, రెక్కకు కట్టు కట్టింది. తల్లి పక్షి ఆకాశమంత రెక్కలతో దిగి వచ్చి, ఇద్దర్నీ వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటింది, చెరకు సముద్రం దాటింది, పాల సముద్రం దాటింది, ఇలా ఏడు సముద్రాలూ దాటింది. దింపేటప్పుడు మాత్రం, నా పిల్ల ఒంటరిగా ఉందమ్మా, మూడో నాడు పొద్దుగుంకే లోపల మీరు రాకపోతే నేను ఆగలేను అంది.

కరాళుడి కోటకు గుమ్మం లేదు. పెరడే ఉంది. ఆ పెరట్లో మూడు వందల మొక్కలు, వరసలు వరసలుగా. మల్లె, మందారం, నందివర్ధనం, తులసి, దవనం, నేలవేము, సరస్వతాకు, పేరు తెలిసినవీ తెలియనివీ. పువ్వు పూసేవి, కషాయానికి పనికొచ్చేవి, ఊరికే పచ్చగా ఉండేవి. గాలి వీచినా ఒక్క ఆకు కదల్లేదు. మూడు వందల మంది ఆడవాళ్ళు ఒకచోట ఉండీ అంత నిశ్శబ్దంగా ఉండటం వావిలి ఎప్పుడూ చూడలేదు. పెరటి దడి పక్కన రెండు ఉమ్మెత్తలున్నాయి. అవి ఏనుగులతో ఒకటీ, రథాలతో ఒకటీ వచ్చాయి.

కరాళుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళను చూసి కోప్పడలేదు. తాను దొంగను కానన్నాడు. ఒక్క మొక్కనూ ఎత్తుకు రాలేదన్నాడు. ప్రతిదాన్నీ ఒక తండ్రో, మొగుడో, అన్నో నవ్వుతూ ఇచ్చాడన్నాడు. అది నిజమే పిల్లలూ. కరాళుడు పందెం చెప్పాడు. రోజుకొకర్ని చొప్పున మూడు రోజుల్లో ముగ్గుర్ని గుర్తుపట్టాలి. గుర్తుపడితే తీసుకుపోవచ్చు. తప్పితే, తప్పినవాళ్ళు ఇక్కడే వేళ్ళూనాలి.

మొదటి రోజు సన్నజాజి. యాభై సన్నజాజి తీగలు, యాభై పందిళ్ళు. మణిధరుడు ఎక్కువ పూసినదాన్ని చూపించి, మీ అక్క అందగత్తె కదా అన్నాడు. వావిలి పూలను చూడలేదు, తీగలను చూస్తూ నడిచింది. నలభై తొమ్మిది తీగలు పందిరికి చుట్టుకుని ఉన్నాయి. ఒక్క తీగ మూడు పాయలై, పాయ మీద పాయ వేసుకుంటూ అల్లుకుంది. రోజూ పొద్దున్నే తన తల దువ్వి జడ వేసిన చేతులు అవి. "అక్కా," అంది వావిలి. పందెం గెలిచింది.

రెండో రోజు మరువం. యాభై కుదుళ్ళు. కరాళుడు ముందు నడుస్తూ చేత్తో అలా నిమురుతూ పోయాడు. నలభై తొమ్మిది కుదుళ్ళు గుప్పుమన్నాయి. ఒక్కటి మాత్రం ఆకు ముడుచుకుని, చిటికెడు వాసన కూడా ఇవ్వలేదు. అది ఎవరో చెప్పడానికి వావిలికి ఒక్క క్షణం పట్టలేదు. నాలుగేళ్ళయినా మరువక్క ఒక్కసారి కూడా వాడికి లొంగలేదని తెలిసి, ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. గెలిచినందుకు మాత్రం కాదు.

ఈ రెండు రోజులూ మణిధరుడు చిలకను వెతుకుతున్నాడు. మాంత్రికుడన్నాక వాడి ప్రాణం ఒక చిలకలో ఉంటుందని వాడికి గట్టి నమ్మకం. నిజంగానే ఉంది. పాడుబడ్డ బావిలో, వేలాడే పంజరంలో.

మూడో రోజు గోరింట. యాభై గోరింట పొదలు, ఒక్క ఆకు తేడా లేకుండా. వావిలికి ఏ గుర్తూ తోచలేదు. ఏం చేయాలో తెలియక, చిన్నప్పుడు గోరింటాకు పెట్టించుకోవడానికి చాపినట్టు అరచెయ్యి చాపింది. పొదలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు వంగాయి. ఏ గాలీ లేకుండానే వంగాయి. ప్రతి పొదా ఎవరికో తల్లే మరి. చాపిన చేతిని చూస్తే వంగకుండా ఉండలేవు. అప్పుడు వావిలి చూసింది. వంగిన వాటిలో ఒక్క పొద మాత్రం, సగం తన వైపూ సగం పక్కనున్న బక్క పొద వైపూ వంగి, ఆ బక్క పొదకు ఎండ తగలకుండా కొమ్మ అడ్డం పెట్టి ఉంది. బంతిలో తన పిల్లల కంచం కంటే ముందు పక్కింటి పిల్ల కంచం నింపే మనిషి ఒకరే ఉన్నారు. "అమ్మ," అంది వావిలి.

కరాళుడు మాట తప్పలేదు. ముగ్గుర్నీ తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపొమ్మని, నవ్వాడు.

"మూడు పోతే ముప్పై తెచ్చుకుంటాను. రాజులకేం కరువా?"

సరిగ్గా అప్పుడే మణిధరుడు పంజరం పగలగొట్టి, చిలకను పిడికిట్లో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కరాళుడు అరుగు మీద ఎలా ఉన్నవాడు అలాగే బిగుసుకుపోయాడు. ఇక గొంతు నులమడమే తరువాయి అన్నాడు మణిధరుడు.

"ఆగండాగండి," అని ముంతలోంచి ఎవరో అన్నారు. చూస్తే ఒక వానపాము, మట్టిలోంచి తల బయటపెట్టి ఉంది.

"నువ్వు ఎవరు మామా?" అంది వావిలి.

"మామనూ నేనే, అత్తనూ నేనే. మా వాళ్ళలో ఆడామగా గొడవ లేదమ్మా. మీ అమ్మ మట్టిలో పుట్టినదాన్ని, చెప్పేది విను."

వానపాము చెప్పింది ఇది. పంజరం దాటిన చిలక పొద్దుగుంకే దాకానే బతుకుతుంది, గొంతు నులమక్కర్లేదు. అది చస్తే కరాళుడు చస్తాడు. వాడు చస్తే వాడి నేల చస్తుంది. నేల చస్తే అందులో ఉన్న మొక్క ప్రతిదీ మాడిపోతుంది. ఈలోపల పెరికి, తల్లి చెయ్యి తగిలిన మట్టి వేరుకు చుడితే బతుకుతుంది. ఏ తల్లి మట్టైనా ఏ బిడ్డ వేరుకైనా పట్టుకుంటుంది. దోసెడు మట్టి చుడితే ఇంటికి చేరేసరికి మళ్ళీ మనిషి అవుతుంది. చిటికెడు చుడితే మొక్కగా బతుకుతుంది. మొక్కగానే ఉండిపోతుంది. తరువాత బండెడు మట్టి పోసినా ఇక మాట రాదు.

ముంతలో ఉన్నది మూడు దోసెళ్ళు.

వావిలి ముంత వైపు చూసింది. పెరడు వైపు చూసింది. పొద్దు అప్పటికే నడినెత్తి దాటింది. ఏడు సముద్రాలు దాటి ఇంకో ముంత తెచ్చేంత పొద్దు లేదు.

మణిధరుడు మెల్లిగా అన్నాడు.

"మనం వచ్చింది మీవాళ్ళ ముగ్గురి కోసం కదా. తక్కినవాళ్ళు మనకేమవుతారు?"

వాడు చెడ్డవాడు కాదు. లెక్క ప్రకారం మాట్లాడాడు, అంతే. వావిలి వెళ్ళి తల్లి పొదను వేళ్ళతో సహా తీసి, దోసెడు మట్టి నిండుగా చుట్టింది. చుట్టిన మట్టి రాలిపోయింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ రాలింది. గోరింట వేళ్ళు ఆ మట్టిని పట్టుకోవడం లేదు. పక్కనున్న బక్క పొద మొదలు వైపు నెట్టేస్తున్నాయి. "ఒక్కసారి, అమ్మా. ఒక్కసారి నీ గురించి చూసుకోవే," అని వావిలి బతిమాలింది. వేళ్ళు చిటికెడు మాత్రం ఉంచుకున్నాయి.

తల్లి జవాబు చెప్పింది. అక్కలు?

పెద్దక్క దగ్గర కూర్చుని సంగతంతా చెప్పి, ఏం చేయమంటావని అడిగింది. సన్నజాజి తీగ వచ్చి ఆమె వేలికి చుట్టుకుంది. సరేనంటోంది అనుకుంది వావిలి. మరువక్క దగ్గర కూర్చుని అడిగింది. మరువం కదల్లేదు. ఆకు విప్పలేదు, వాసన ఇవ్వలేదు. వావిలి చాలాసేపు చూసింది. పొద్దు వాలిపోతోంది. వద్దని అనలేదు కదా అనుకుంది. వాళ్ళ నాన్న కూడా ఒకప్పుడు ఎవరూ చెప్పలేదు కదా అనే అన్నాడు.

తల్లి వదిలిన మట్టినీ, అక్కల మట్టినీ చిటికెలు చేసింది. ఒక్కో మొక్కను పెరకడం, వేరుకు చిటికెడు చుట్టడం, ఆకులో కట్టడం. మల్లెకొక చిటికెడు, తులసికొక చిటికెడు, పేరు తెలియనిదానికొక చిటికెడు. ప్రతి చిటికెలోనూ ఒక మాట తగ్గింది, ఒక నవ్వు తగ్గింది, రోజూ పొద్దున జడ వేసే చేతులు తగ్గాయి. ఆమెకు తెలుస్తూనే ఉంది. చేతులు ఆగలేదు. మణిధరుడు సాయంత్రం దాకా చిలకను పట్టుకుని నిలబడ్డాడు. వీరుడి పని అంతవరకే. చివరికి ముంత దులిపితే రెండు చిటికెలు మిగిలాయి. వాటిని దడి పక్కనున్న ఉమ్మెత్తలకు వేసింది. ఆ ఇద్దరూ ఇప్పటికీ చెత్తకుప్పల మీద హాయిగా పెరుగుతూనే ఉన్నారు, ఎవరూ నీళ్ళు పోయకపోయినా.

పొద్దు గుంకింది. చిలక తల వాల్చింది. కరాళుడు బూడిదై, వాడి నేల నెర్రెలిచ్చింది. ఆ సరికే గండభేరుండ పక్షి వాళ్ళిద్దరితో, మూడు వందల ఆకు పొట్లాలతో ఆకాశంలో ఉంది.

కోటలో మేళతాళాలతో ఎదురొచ్చారు. రాజుగారు రాణి ఏదని అడిగాడు. వావిలి ఒక గోరింట మొక్క చూపించింది. పెద్ద కూతురేదని అడిగాడు. రెండోదేదని అడిగాడు. అన్నిటికీ మొక్కలే చూపించింది. ఇంతమందిని తెచ్చి మనవాళ్ళనే తేలేకపోయావా అని రాజుగారు ఏడ్చాడు. వావిలి కోట ముందున్న వాసన లేని తోటను దున్నించి, ఆ మూడు వందల మొక్కలనూ అక్కడ నాటింది. సభా మంటపం తెర చింపించి, ఆ గుడ్డతో లేత మొక్కలకు నీడ కట్టించింది. ఎర్ర వేళ్ళ గుర్తులున్న ముక్కను మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

మణిధరుడితో పెళ్ళి జరిగింది. ఈసారి ఆమెను అడిగారు. అడగడానికి వచ్చింది మణిధరుడే, పెరటి వైపునుంచి వచ్చాడు. చాలాసేపు ఆలోచించి సరేనంది. వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళు రాజ్యం చేశారు. సభ పెరట్లోనే జరిగేది. ఎవరేం కోరినా, మాట ఇచ్చే ముందు అక్కడ నాటి ఉన్నదేమిటో అడిగి తెలుసుకోవాలని నియమం. వావిలి రాణి సుఖంగా ఉందని అందరూ చెప్పుకునేవారు.

దేశదేశాలనుంచి ఆడపిల్లలు వచ్చేవారు, తప్పిపోయిన తమవాళ్ళ కోసం. వరసల మధ్య నడుస్తూ అరచెయ్యి చాపేవారు. ఏదో ఒక మొక్క వాళ్ళ వైపు వంగేది. ఏడుస్తూనో, ఏడవకుండానో, దాన్ని వేరుమట్టితో తీసి తమ పెరట్లోకి తీసుకెళ్ళేవారు. గోరింట ఒక ఇంటికి, దవనం ఒక ఇంటికి, నందివర్ధనం ఒక ఇంటికి. ఇవాళ మన పెరళ్ళలో ఉన్నవన్నీ అలా వచ్చినవే. ఎవరూ రాని మొక్కల ముందు వావిలి తానే వెళ్ళి చెయ్యి చాపేది.

ఆమె తల్లి గోరింట ఏటా ఆషాఢంలో ఊళ్ళో పిల్లలందరి చేతులకూ ఎరుపు ఇచ్చేది. సన్నజాజి తీగ వావిలి కూర్చున్న చోటికి పాకి, ఆమె నెరిసిన జడలో జొరబడేది. మరువం మాత్రం ఆమె చెయ్యి తగిలితే ఆకు ముడుచుకునేది. నలభై ఏళ్ళూ అంతే. ఇతర పిల్లలు ముట్టుకుంటే కొంచెం వాసన ఇచ్చేది, ఆమె ముట్టుకుంటే ఇచ్చేది కాదు. ఇవ్వమని వావిలి ఎప్పుడూ అడగలేదు. రోజూ పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి, మొదట ఆ కుదురుకే పోసేది.

ఇంతే కథ. ఇక లేచి చెంబులు అందుకోండి, మొక్కలు ఎండిపోతున్నాయి. మగపిల్లలూ, మీతోనే చెబుతున్నాను.